పాత మోటారు కార్ల సంఘములు

వీధిని పోవు మోటారు కారును చూచుట నేడెవరికిని వింత కాదు. కాని నూఱేండ్ల నాటి కారొకటి, ఇత్తడి దీపములు మెఱయుచుండగా, సన్నని చక్రములపై, చప్పుడు లేక మెల్లగా సాగివచ్చినచో బాలుడు మొదలు వృద్ధుని వఱకు అందఱును ఆగి చూతురు. ఇంతకాలము ఇది ఎట్లు నిలిచినది? దీని కొక మర అరిగినచో మఱల నెక్కడ దొరకును? దీనిని బాగుచేయ నెఱిగినవారు ఇంకను గలరా? ఈ ప్రశ్నలకు సమాధానము ఏ యొక్కని వద్దను లేదు. సంఘముల వద్ద నున్నది. పాత కార్లు గలవారు ప్రాంతముల వారీగా కూడి ఏర్పఱచుకొన్న సంఘములను గూర్చియు, అవి చేయు పనులను గూర్చియు ఈ వ్యాసమున వివరింపదలచితిమి. అన్ని కార్లను గూర్చి చెప్పుట సాధ్యము గాదు గనుక రోల్స్ రాయిస్ కార్ల సంఘములను ఉదాహరణముగా గైకొనుచున్నాము.

పాతది యనగా నేది?

పాతబడిన ప్రతి బండియు 'వింటేజి' బండి కాదు. ఇంగ్లండులో ఈ విషయమున కొన్ని హద్దు లేర్పడి యున్నవి. 1904వ సంవత్సరాంతము లోపల తయారైన కార్లను 'వెటరన్' కార్లందురు. 1905 నుండి 1918 వఱకు తయారైన వానిని ఏడవ ఎడ్వర్డు రాజు పేరిట 'ఎడ్వర్డియన్' కార్లందురు. 1919 నుండి 1930 వఱకు వచ్చినవి 'వింటేజి' కార్లు. ఈ 'వింటేజి' అను మాట మొదట ద్రాక్షతోటలకు సంబంధించినది. ఏ యేటి పంటనుండి తీసిన ద్రాక్షసారాయమో చెప్పుట కా మాట వాడెడివారు. తరువాత అది మేలైన పాత వస్తువుల కన్నిటికిని చెల్లినది.

మన దేశమున 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రత్యేక నిబంధనలు చేసినది. వాని ప్రకారము, మొదట రిజిస్టరైన నాటినుండి 50 ఏండ్లు దాటి, అడుగు చట్రమును, పైకట్టును, ఇంజనును మార్చబడక యున్న బండి వింటేజి బండి. దానికి 'వీఏ' అను అక్షరములు గల ప్రత్యేకసంఖ్య నిత్తురు. అట్టి బండిని ప్రదర్శనలకును, ఊరేగింపులకును, మరమ్మతులకును, పరిశోధనకును నడుపవచ్చును గాని నిత్యము వీథులలో త్రిప్పుటకు గాని, బాడుగకు గాని వాడరాదు.

సంఘము లెట్లు పుట్టినవి?

ఇంగ్లండులో 1896 వఱకు యంత్రముచే నడచు బండి గంటకు 4 మైళ్ళకు మించి పోరాదనియు, దాని ముందొక మనిషి నడువవలె ననియు చట్టముండెను. ఆ సంవత్సరమున చట్టము సడలి, వేగము 14 మైళ్ళ వఱకు హెచ్చింపబడెను. ఆ సంతోషమున 1896 నవంబరు 14వ తేదీన కొందఱు తమ బండ్లపై లండనునుండి సముద్రతీరమందలి బ్రైటనునకు ప్రయాణము చేసిరి. 1927లో ఆ ప్రయాణమును జ్ఞప్తికి దెచ్చుకొని, అప్పటికే మూలబడిన పాత బండ్లను వెలికిదీసి మఱల నడపిరి. అందఱును నవ్వుకొనిరి, కాని ఆ నవ్వులోనుండియే ఒక ఉద్యమము పుట్టినది. 1930లో వెటరన్ కార్ క్లబ్బును, 1934లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బును ఏర్పడినవి. లండను బ్రైటను యాత్ర నేటికిని ప్రతి నవంబరునందును జరుగుచున్నది. 1905 జనవరి 1వ తేదీకి పూర్వము తయారైన బండ్లకే అందు ప్రవేశము.

రోల్స్ రాయిస్ కార్ల విశేషము

చార్లెస్ రోల్స్ ధనవంతుల బిడ్డ, లండనులో కార్లమ్మెడివాడు. హెన్రీ రాయిస్ పేదయింట బుట్టి, బాల్యమున వార్తాపత్రిక లమ్మియు, తంతివార్తలు మోసియు పొట్టబోసికొని, స్వయంకృషిచే ఇంజనీరైనవాడు. వీరిరువురును 1904 మే 4వ తేదీన మాంచెస్టరు నగరమందలి మిడ్‌లాండ్ హోటలులో కలిసికొనిరి. ఒకరి పనితనమును మఱొకరి వ్యాపారదక్షతయు కలియుటచే వారి కార్లకు శీఘ్రకాలముననే పేరు వచ్చినది.

1907లో వెండిరంగు పూసిన వారి కారొకటి లండను గ్లాస్గో నగరముల నడుమ, ఆదివారములు దప్ప, రాత్రింబవళ్ళు పరుగెత్తి 14,371 మైళ్ళు పూర్తిచేసెను. పిదప దానిని విప్పి పరీక్షించి, అరిగిన భాగములను మార్చుటకు రెండు పౌనులకు కొంచెము మించి వెచ్చము చాలునని తేల్చిరి. చప్పుడు లేక పోవుటచే దానికి 'సిల్వర్ ఘోస్టు', అనగా 'వెండిదయ్యము', అని పేరు పెట్టిరి. తరువాత ఆ పేరు ఆ తరగతి కార్లన్నిటికిని వ్యాపించినది. 1910లో రోల్స్ విమానము కూలి మరణించెను. రాయిస్ 1933 వఱకు జీవించెను.

ఈ కార్ల విషయమున ముఖ్యముగా తెలిసికొనవలసినది మఱొకటి గలదు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఈ కంపెనీవారు కారు మొత్తమును తయారుచేసెడివారు కారు. ఇంజనుతో గూడిన అడుగు చట్రమును మాత్రమే అమ్మెడివారు. కొన్నవారు దానిని బార్కరు, హూపరు మొదలగు బండి పనివారి వద్దకు గొంపోయి తమ కిష్టమైన పైకట్టు కట్టించుకొనెడివారు. ఆ పనివారు 'ఆష్' అను చెట్టు కఱ్ఱతో చట్రము కట్టి, దానిపై చేతితో సాగగొట్టిన అల్యూమినియము రేకును తొడిగెడివారు. కావున ఏ రెండు కార్లును సరిగా ఒక్కతీరున నుండవు. ఒకదాని తలుపు మఱొకదానికి పట్టదు. ఒక కారును బాగుచేయుట యనగా ఒక చిన్న పరిశోధన చేయుటయే.

సంఘముల నిర్మాణము

ఇట్టి పరిశోధన ఒంటరిగా చేయుట కష్టమని యెఱిగి 1949లో ఇంగ్లండున '20 ఘోస్ట్ క్లబ్బు' అను సంఘమును స్థాపించిరి. 1951లో అమెరికాలో 'రోల్స్ రాయిస్ ఓనర్స్ క్లబ్బు'ను, 1957లో ఇంగ్లండున 'రోల్స్ రాయిస్ ఎంతూసియాస్ట్స్ క్లబ్బు'ను ఏర్పడినవి. ఒకే కుదురున చేరిన బెంట్లీ కార్లవారిని గూడ ఇవి చేర్చుకొనుచున్నవి. చేరుటకు కారు ఉండితీరవలె నను నియమము పెద్ద సంఘములలో లేదు. ఆసక్తి యున్న చాలును.

పెద్ద సంఘము దేశమంతటికి నొకటి. దాని క్రింద ప్రాంతమున కొక శాఖ యుండును. సభ్యునకు నిజముగా ఉపయోగపడునది ఈ ప్రాంతీయశాఖయే. ఏలయన, కారు మొరాయించిన నాడు మూడువందల మైళ్ళ దూరమున నున్న కార్యదర్శి ఉత్తరము వ్రాయగలడు గాని చేయి వేయలేడు. పది మైళ్ళ దూరమున నున్న తోటి సభ్యుడు పెట్టె పట్టుకొని రాగలడు.

శాఖలు చేయు పనులు

మొదటిది, కూడుట. శాఖలోని వారు సాధారణముగా నెలకొకమారు ఒక భోజనశాల ముంగిట కలిసికొందురు. ఇంజను మూతలు తెఱచి, తలలు వంచి, గంటలకొలది మాటలాడుకొందురు. బయటివారికిది కాలక్షేపముగా తోచును. కాని ఒకరికి నెలల తరబడి అంతుపట్టని చప్పుడునకు కారణము మఱొకరు నిమిషమున చెప్పునది ఇక్కడనే.

రెండవది, నడపుట. శాఖవారు వేసవిలో యాత్ర లేర్పఱతురు. కొందఱికిది ఆశ్చర్యము కలిగింపవచ్చును. ఇంత విలువగల వస్తువును భద్రముగా కప్పి యుంచక దుమ్ములో త్రిప్పుట ఏల? అందుకు కారణమున్నది. నిలిపియుంచిన బండియే ముందుగా చెడును. పెట్రోలు నిలువయుండి జిగురుగా మాఱి సన్నని గొట్టములను మూసివేయును. రబ్బరు, తోలు ఎండి పగులును. బ్రేకులు తుప్పుచే బిగిసికొనును. ఎలుకలు తీగలను కొఱుకును. నడచుచున్న బండికి చమురు అన్ని మూలలకు ప్రాకును. లోపము చిన్నదిగా నున్నపుడే చెవికి తెలియును. కావుననే అనుభవశాలులు క్రొత్త సభ్యునకు ఇచ్చు మొదటి హితవు, బండిని నడుపుము, అనునదియే.

యాత్రలలో కొన్ని చరిత్రను స్మరించునవి. 1912లో ఆల్ప్స్ పర్వతములలో జరిగిన పోటీయందు ఒక సిల్వర్ ఘోస్టు కట్ష్‌బెర్గ్ అను నిట్రపు కనుమ నెక్కలేక, ఎక్కినవారిని దింపవలసి వచ్చెను. కంపెనీవారు సిగ్గుపడి ఊరకుండక, మూడు గేర్లకు బదులు నాలుగు గేర్లు పెట్టి, 1913లో మఱల వచ్చి గొప్ప పేరు సంపాదించిరి. దానికి నూఱేండ్లు నిండిన 2013లో అనేకులు తమ సిల్వర్ ఘోస్టులను ఆ కొండలపై మఱల నడపిరి.

మూడవది, నేర్పుట. పాత కారును నడపుట నేటి కారును నడపుట వంటిది కాదు. ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టవలెనో నడపువాడే చేతిపిడితో సవరింపవలెను. గేరు మార్చునపుడు క్లచ్చిని రెండుమారులు త్రొక్కవలెను. అదియు ఇంజను చప్పుడును చెవితో కనిపెట్టుచు త్రొక్కవలెను. ముందు భాగమున పిడి పెట్టి త్రిప్పి ఇంజనును లేపునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపుననే యుంచవలెను. పిడిని చుట్టి పట్టుకొన్నచో ఇంజను వెనుకకు తన్నినపుడు వ్రేలు విఱుగును. ఈ సంగతులు పుస్తకమున చదివిన తెలియును గాని చేతికి రావు. ప్రక్కన నిలిచి చూచి, ఒకరు సరిదిద్దగా చేసి నేర్వవలసినవి. ఇందుకై శాఖలు నేర్పుదినముల నేర్పఱచును.

నాలుగవది, భాగములను సమకూర్చుట. కంపెనీ చేయుట మానిన మరలను సభ్యులు పదిమంది కలిసి ఒకేమారు చేయించుకొందురు. ఒకరు చేయించినచో మోయలేని వెచ్చము పదిమందికి పంచిన తగ్గును. పాత అచ్చులతో టైర్లు చేయువారు, పాత నమూనా ప్రకారము బేరింగులు పోయువారు ఎవ్వరో, ఎక్కడివారో శాఖవారి చిట్టాలో నుండును. నేటి పెట్రోలు పాత కార్లకు మఱొక చిక్కు తెచ్చినది. మన దేశమున అమ్ము పెట్రోలులో 20 శాతము వఱకు ఎథనాలు కలుపుచున్నారు. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబఱచి పాడుచేయును. గాలిలోని తేమను గూడ పీల్చుకొనును. ఏ గొట్టము వేసిన నిలుచునో ముందు అనుభవించినవారు తరువాతివారికి చెప్పుదురు.

ఐదవది, వ్రాతప్రతులను కాపాడుట. రోల్స్ రాయిస్ కంపెనీవారు ప్రతి చట్రమునకు ఒక సంఖ్య వేసి, దాని వివరములను చీటీపై వ్రాసి యుంచిరి. ఎవరు కోరిరి, పైకట్టు ఎవరు కట్టిరి, పరీక్షలో నేమి తేలెను, ఎన్నడు అప్పగించిరి అను సంగతులన్నియు వానియందు గలవు. ఇంగ్లండునందలి పౌలర్స్‌పరీ గ్రామములో హంట్ హౌస్ అను భవనమున ఈ చీటీలను భద్రపఱచిరి. తన కారు పూర్వచరిత్ర కావలసినవాడు సంఖ్య చెప్పి ప్రతి పొందగల యేర్పాటు సంఘము చేసినది. ఈ చీటీలు లేనిచో సగము కార్ల చరిత్ర కట్టుకథయై యుండెడిది.

కట్టుకథల కొక ఉదాహరణము. రోల్స్ రాయిస్ దుకాణమువా రవమానింపగా కోపించి, ఒక భారతీయ మహారాజు అనేక కార్లు కొని, వానిచే వీథుల చెత్త నెత్తించెనను కథ మన దేశమున విననివారు లేరు. ఆ రాజు అల్వారు మహారాజని కొందఱందురు, పాటియాలా మహారాజని కొందఱు, నిజామని మఱికొందఱు. ఒకే కథ ఇందఱ పేర్ల కంటుకొనుటయే అది నమ్మదగినది కాదనుటకు గుఱుతు. చీటీకిని చాటుమాటకును గల భేదము విద్యార్థు లిందు గమనింపవలెను.

కడపటిది, న్యాయనిర్ణయము. ఏటేట జరుగు ప్రదర్శనలలో కార్లను పరీక్షించి బహుమతు లిత్తురు. నిర్ణేతలు మోకాళ్ళపై వంగి అడుగుభాగమును గూడ చూతురు. కాని ఇక్కడ ఒక వివాదము చిరకాలముగా నున్నది. వెలసిన రంగు తీసి, తళతళలాడునట్లు క్రొత్తరంగు వేసిన కారు గొప్పదా? వెలసినను మొదటి రంగునే నిలుపుకొన్న కారు గొప్పదా? పూర్వము మెఱుగునకే మార్కులు హెచ్చుగా నుండెడివి. నేడు రెండవ పక్షమువారు బలపడుచున్నారు. రంగు ఎన్నిమారులైనను వేయవచ్చును గాని మొదటి పనివాని చేతిపని ఒకమారు పోయిన మఱల రాదని వారి వాదము. మాకును ఈ వాదమే యుక్తముగా తోచుచున్నది.

మన దేశమున

ఈ కార్ల చరిత్రయందు భారతదేశమునకు చిన్నస్థానము కాదు. 1908లో బొంబాయి, కొల్హాపురముల నడుమ ఘాటురోడ్లపై పరీక్షలో నెగ్గిన ఒక సిల్వర్ ఘోస్టును గ్వాలియరు మహారాజు కొనెను. హైదరాబాదు నిజాముకై 1912లో తయారైన పసుపుపచ్చని సిల్వర్ ఘోస్టును హైదరాబాదునందలి చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికిని చూడవచ్చును. లోపల సింహాసనము వంటి ఆసనముండుటచే దానిని సింహాసనపు కారందురు. బంధువుల యింటికి హైదరాబాదు పోవు మన పిల్లలు తప్పక చూడదగిన వస్తువది.

సంస్థానములు పోయిన తరువాత ఇట్టి కార్లనేకము విదేశములకు తరలిపోయినవి. 1970వ దశకమున ప్రభుత్వము వాని ఎగుమతిని నిషేధించెను. మిగిలిన వానిపై జనులకు మమకారము కలుగుటకు ప్రదర్శనలే ముఖ్యకారణము. స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ప్రారంభించిన పాతకార్ల రాలీ వానిలో ప్రసిద్ధమైనది. నేడు ముంబయి, కోల్‌కతా, బెంగుళూరు, చెన్నై మొదలగు నగరములలో పాతకార్ల సంఘములు పనిచేయుచున్నవి. వీనియందు రోల్స్ రాయిస్ కార్లే గాక, సామాన్యగృహస్థుల ఆస్టిన్, మోరిస్, ఫియట్, అంబాసిడరు కార్లకును చోటున్నది.

మనకేమి ప్రయోజనము?

ఇది ధనికుల వినోదము గదా, మన పాఠశాలాపత్రికలో నీ ప్రసంగమేల అని తల్లిదండ్రులు కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒక పాత రోల్స్ రాయిస్ వెలతో ఎన్నో పాఠశాలలు కట్టవచ్చును. వేడుక కొఱకు ఇంత ధనము వెచ్చించుట తగునా యని మాకును తోచకపోలేదు. కాని కారు ఒకరిదైనను, దానిని నిలుపు విద్య ఒకరిది కాదు. ఆ విద్య రేకు సాగగొట్టువానిది, కఱ్ఱ చెక్కువానిది, తోలు కుట్టువానిది, మర బిగించువానిది. ధనికుడు కారు అమ్మివేయవచ్చును. పనివాడు కన్నుమూసినచో అతని చేతిలోని విద్య అతనితోనే పోవును. ఈ సంఘములకు నేడు గల పెద్ద దిగులును ఇదియే. సభ్యులు వృద్ధులగుచున్నారు; పడుచువారు చాలినంతమంది చేరుట లేదు. కార్లున్నవి, చీటీలున్నవి, నేర్చుకొనువారు తక్కువ. కావుననే యువకులను తాళములిచ్చి నడుపుమనుట కొన్ని శాఖలు ఆచారముగా పెట్టుకొన్నవి.

ఇతర భాషల నడుమ తరతరములుగా కాపురమున్న మనకు ఈ దిగులు క్రొత్తది కాదు. మన యిండ్లలోను ఒక పాత వస్తువున్నది. తాతముత్తాతలు తెచ్చినది, బయట దాని భాగములు దొరకవు, బాగుచేయ నెఱిగినవారు ఇంటి పెద్దలు మాత్రమే. అది మన మాట. పండుగనాడు మాత్రము బయటికి దీసి, తక్కిన దినములలో కప్పి యుంచినచో అదియు నిలిపియుంచిన బండివలె బిగిసికొనిపోవును. ఈ యూరి భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అందు సందేహము లేదు. కాని ఇంటిలో భోజనము వేళ, అంగడి లెక్క వేళ, అన్నదమ్ముల తగవు వేళ గూడ తెలుగు నడచుచుండవలెను.

విద్యార్థులు చేయదగిన చిన్నపని యొకటి చెప్పి ముగింతుము. మీ యింట తాత గాని అవ్వ గాని యున్నచో ఎడ్లబండి భాగముల పేర్లడుగుడు. ఇరుసు, కడచీల, పూటీ, ఆకు, నొగ, కాడి: వీనిలో నెన్ని వారికి తెలియునో, ఇంకను క్రొత్తవి యేమి చెప్పుదురో ఒక చీటీపై వ్రాయుడు. చెప్పినవారి పేరును, వారి పుట్టినయూరును, వ్రాసిన తేదీయు క్రింద వేయుడు. తరగతి ఉపాధ్యాయుల వద్ద ఆ చీటీల నన్నిటిని చేర్చి, ఒక పెట్టెలో నుంచి, వచ్చే సంచికయందు కొన్నిటిని ప్రకటింపవచ్చును. ఆ పెద్దలు మన మధ్య నున్నపుడే ఈ పని జరుగవలెను.